మార్టిన్ పైక్: నాలుగు క్లబ్బులు తిరిగి నాలుగు ప్రీమియర్‌షిప్‌లు గెలిచిన ఫుటీ ఆటగాడు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో (అక్కడివాళ్ళు ముద్దుగా ‘ఫుటీ’ అంటారు) ఒకే క్లబ్బుకు జీవితాంతం ఆడినవాడికి దక్కే మర్యాద వేరు. క్లబ్బులు మారినవాణ్ణి కాస్త తక్కువగా చూడటం అలవాటు. ఆ చూపు ఎంత తప్పో చెప్పడానికి మార్టిన్ పైక్ కెరీర్‌ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. ఆట అసలు తెలియనివాళ్ళ ప్రశ్నల దగ్గర్నుంచి, ఆటని కొన్నాళ్ళుగా చూస్తున్నవాళ్ళ సందేహాల దాకా ఇక్కడ ఉన్నాయి.

మార్టిన్ పైక్ ఎవరు?

1993 నుంచి 2005 వరకు ఏఎఫ్ఎల్ అనే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో 247 మ్యాచ్‌లు ఆడినవాడు. సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రం వాడు, అడిలైడ్‌లోని నార్వుడ్ క్లబ్బు నుంచి పెద్ద లీగ్‌కి వచ్చాడు. ముందు మెల్‌బోర్న్, తర్వాత ఫిట్జ్‌రాయ్, ఆ తర్వాత నార్త్ మెల్‌బోర్న్, చివరికి బ్రిస్బేన్ లయన్స్. నార్త్ తరఫున 1999లో ఒక ప్రీమియర్‌షిప్ (అంటే ఆ ఏటి ఛాంపియన్ పట్టం), బ్రిస్బేన్ తరఫున 2001, 2002, 2003లో వరసగా మూడు. ఫిట్జ్‌రాయ్ క్లబ్బు పెద్ద లీగ్‌లో ఆడిన ఆఖరి ఏడాది ఆ క్లబ్బు ఉత్తమ ఆటగాడి బహుమతి కూడా అతనిదే.

పోస్టర్ల మీద కనిపించే స్టార్ కాదు. జట్టులో ఎక్కడ చిల్లు పడితే అక్కడ నిలబెట్టగలిగే మనిషి. వెనక డిఫెన్స్‌లో, వింగ్‌లో, మిడ్‌ఫీల్డ్‌లో, అవసరమైతే ముందు వరసలో ఆడేవాడు. గట్టి శరీరం, వెనక్కి తగ్గని ఆట.

ఈ ఆట ఎలా ఉంటుందో తెలియదు. రెండు ముక్కల్లో చెబుతారా?

క్రికెట్ మైదానంలో ఆడే ఫుట్‌బాల్ అనుకోండి. నిజంగానే క్రికెట్ మైదానాల్లోనే ఆడతారు. 19వ శతాబ్దం మధ్యలో మెల్‌బోర్న్ క్రికెటర్లే చలికాలంలో ఒళ్ళు బిగుసుకుపోకుండా ఉండటానికి దీనికి నియమాలు రాసుకున్నారు. అందుకే మైదానం దీర్ఘచతురస్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, బంతి కూడా అదే ఆకారం.

ఒక్కో వైపు 18 మంది. ఆట నాలుగు క్వార్టర్లు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్యలో ఉన్న రెండు పెద్ద స్తంభాల నడుమ నుంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్కనున్న చిన్న స్తంభానికీ పెద్ద స్తంభానికీ మధ్య నుంచి పోతే ‘బిహైండ్’, ఒక్క పాయింటు. స్కోరు రాసే పద్ధతి మొదట తికమకగా ఉంటుంది: 19.10 (124) అంటే 19 గోల్స్, 10 బిహైండ్‌లు, మొత్తం 124 పాయింట్లు అని. ఆఫ్‌సైడ్ నియమం లేదు. తన్నిన బంతిని నేల తాకకముందే గాల్లో పట్టుకుంటే ‘మార్క్’ అంటారు. అలా పట్టినవాడు ఎవరూ మీద పడకుండా నింపాదిగా తన్నుకోవచ్చు. బంతిని చేత్తో విసరకూడదు. ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టి అందించాలి.

ఏటా సెప్టెంబర్ చివర్లో మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో, అంటే ఎంసీజీలో, గ్రాండ్ ఫైనల్ జరుగుతుంది. ఆ ఒక్క మ్యాచ్ గెలిచినవాళ్ళదే ప్రీమియర్‌షిప్.

ఎంసీజీ, గబ్బా అంటే మనకు తెలిసిన క్రికెట్ మైదానాలేనా?

అవే. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ టెస్టుల్లో అడుగుపెట్టిన ఎంసీజీలోనే పైక్ తన నాలుగు ప్రీమియర్‌షిప్‌లూ గెలిచాడు. మరుసటి నెలలో సిరాజ్ ఒకే ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీసిన గబ్బా బ్రిస్బేన్ లయన్స్‌కు సొంత మైదానం. నితీశ్ కుమార్ రెడ్డి 2024 బాక్సింగ్ డే టెస్టులో సెంచరీ కొట్టిందీ ఎంసీజీలోనే. ఆ రోజుల్లో టీవీలో చూసిన స్టాండ్లు చలికాలమంతా ఫుటీ జనంతో నిండి ఉంటాయని మనలో చాలామందికి తట్టదు. మార్చి నుంచి సెప్టెంబర్ దాకా ఆ పచ్చిక క్రికెటర్లది కాదు, ఫుటీ ఆటగాళ్ళది.

క్లబ్బులు మారడం అంత పెద్ద విషయమా? ఐపీఎల్‌లో ఏటా మారుతూనే ఉంటారు కదా?

ఐపీఎల్ కళ్ళద్దాలతో చూస్తే నాలుగు జట్లు అసలు లెక్కే కాదు. ఆస్ట్రేలియా క్రికెటర్ ఆరన్ ఫించ్ ఐపీఎల్‌లో తొమ్మిది జట్లకు ఆడాడు, వాటిలో సన్‌రైజర్స్ హైదరాబాద్ కూడా ఉంది. ఫుటీలో పద్ధతి వేరు. అక్కడ ఆటగాళ్ళ వేలం లేదు. డబ్బు పోసి ఆటగాణ్ణి కొనుక్కోవడమూ లేదు. కుర్రవాళ్ళను క్లబ్బులు ‘డ్రాఫ్ట్’ ద్వారా వంతులవారీగా ఎంచుకుంటాయి. ముందు సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు. ఈ పద్ధతి 1986లో మొదలైంది. అంతకు ముందు ఆటగాడి ఇల్లు ఏ ప్రాంతంలో ఉంటే ఆ ప్రాంతం ఏ క్లబ్బుకు చెందుతుందో ఆ క్లబ్బుకే ఆడాలి.

పైక్ కాలంలో ఒక్కసారి చేరాక బయటికి రావాలంటే ప్రధానంగా దారులు రెండే. క్లబ్బులు పరస్పరం ఒప్పుకుని ‘ట్రేడ్’ చేసుకోవాలి, లేదా క్లబ్బు తన జాబితాలోంచి పేరు కొట్టేయాలి. దీన్ని ‘డీలిస్ట్’ అంటారు. పేరు కొట్టేశాక మళ్ళీ డ్రాఫ్ట్‌లో నిలబడి, ఎవరైనా ఎంచుకుంటారేమోనని ఎదురు చూడాలి. ఒప్పందం ముగిసిన సీనియర్ ఆటగాడు తనకు నచ్చిన క్లబ్బుకు వెళ్ళే హక్కు, అంటే ‘ఫ్రీ ఏజెన్సీ’, 2012లో గాని రాలేదు. పైక్ ఆడిన కాలంలో ఆ వెసులుబాటు లేనే లేదు. అంటే అతని నాలుగు క్లబ్బుల కథలో అతని ఇష్టానికి దొరికిన చోటు చాలా తక్కువ.

ఈ బిగింపు మీద తిరుగుబాట్లు లేకపోలేదు. 1973లో పదేళ్ళు ఒకే క్లబ్బుకు ఆడినవాళ్ళు స్వేచ్ఛగా మారవచ్చని లీగ్ కొద్దికాలం ఒక నియమం తెచ్చింది. నార్త్ మెల్‌బోర్న్ వెంటనే ఆ సందులో దూరి డగ్ వేడ్, బారీ డేవిస్, జాన్ రాంటల్‌లను లాక్కుంది. 1975లో ఆ క్లబ్బు పెద్ద లీగ్‌లో తన మొదటి ప్రీమియర్‌షిప్ గెలిచింది. భయపడిన లీగ్ అప్పటికే ఆ నియమాన్ని ఎత్తేసింది. 1983లో సిల్వియో ఫోస్కీని అనే కుర్రాడు కోర్టుకెక్కి, ఆటగాణ్ణి ఇలా కట్టిపడేయడం అతని వృత్తికి అడ్డుపడటమేనని తీర్పు తెచ్చుకున్నాడు. డ్రాఫ్ట్ పద్ధతి వైపు లీగ్ నడిచిన తోవలో ఆ తీర్పు ఒక మలుపు.

మొదటి క్లబ్బు మెల్‌బోర్న్‌లో ఎందుకు నిలవలేదు?

అక్కడ ఉన్నది రెండు సీజన్లే, 1993, 1994. కోచ్ నీల్ బామ్. 1994లో మెల్‌బోర్న్ ప్రిలిమినరీ ఫైనల్ దాకా వెళ్ళింది, అంటే మన లెక్కలో సెమీఫైనల్. అలాంటి బలమైన జట్టులో చోటు స్థిరపడని కుర్రాడు వేరే క్లబ్బుకు మారడం మామూలే. వెళ్ళిన క్లబ్బే మామూలుది కాదు.

ఇక్కడ చిన్న వివరణ. ‘మెల్‌బోర్న్’ నగరం పేరూ, ఒక క్లబ్బు పేరూ కూడా. 1993లో లీగ్‌లో 15 జట్లుంటే వాటిలో పది ఒక్క మెల్‌బోర్న్ నగరానివే. ఫిట్జ్‌రాయ్, కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్, రిచ్‌మండ్ ఇవన్నీ ఆ నగరంలో పక్కపక్కనున్న పేటల పేర్లు. ఒకే ఊళ్ళో పది జట్లను పోషించడం సాధ్యం కాదని లీగ్ పెద్దలు అప్పటికే అనుకుంటున్నారు. ఆ లెక్కలో మొదట బలయ్యింది ఫిట్జ్‌రాయ్.

ఫిట్జ్‌రాయ్ అంత దయనీయంగా ఉండేదా?

1883లో పుట్టిన క్లబ్బు. ఎనిమిది ప్రీమియర్‌షిప్‌లు గెలిచింది, కాని ఆఖరుది 1944లో. సొంత మైదానం ఎప్పుడో పోయింది. అక్కడా ఇక్కడా అద్దెకుంటూ వచ్చి చివరికి ఫుట్‌స్క్రేలోని వెస్టర్న్ ఓవల్‌కి చేరింది. మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో ఉండే మనవాళ్ళు రైల్లో ఫుట్‌స్క్రే మీదుగా వెళ్తూనే ఉంటారు, ఆ మైదానం ఆ దగ్గర్లోనే ఉంది. దాని పేరు తర్వాత విట్టెన్ ఓవల్ అయింది.

పైక్ చేరిన 1995లో ఫిట్జ్‌రాయ్ 22 మ్యాచ్‌ల్లో రెండు గెలిచింది. 1996లో ఒక్కటి. రెండేళ్ళలో 44 మ్యాచ్‌లు, మూడు విజయాలు. ఆ ఒక్క విజయం 1996 ఎనిమిదో రౌండ్‌లో విట్టెన్ ఓవల్‌లో ఫ్రిమాంటిల్ మీద వచ్చింది. పెద్ద లీగ్‌లో ఫిట్జ్‌రాయ్ గెలిచిన ఆఖరి మ్యాచ్ అదే. కోచ్‌లు కూడా నిలవలేదు. 1995లో బెర్నీ క్విన్‌లన్ మధ్యలో వెళ్ళిపోతే అలన్ మెకానెల్ పగ్గాలు పట్టాడు. 1996లో మిక్ నూనన్ వచ్చాడు, అతనూ సీజన్ పూర్తి చేయలేదు. మళ్ళీ మెకానెల్లే.

ఓడిపోయే జట్టులో ఆడటం ఒక శిక్ష. పోతుందని ముందే తెలిసిన జట్టులో ఆడటం ఇంకో రకం. 1996 సీజన్‌లో క్లబ్బు ఉంటుందో లేదో, జీతాలు వస్తాయో రావో తెలియని వాతావరణంలో ప్రతి వారం మైదానంలోకి దిగి, ఆ జట్టులో అందరికన్నా బాగా ఆడినవాడు పైక్. క్లబ్బు ఇచ్చే ‘బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్’ బహుమతి ఆ ఏడాది అతనికే దక్కింది. ఏఎఫ్ఎల్ స్థాయిలో ఫిట్జ్‌రాయ్ ఆ బహుమతి ఇచ్చింది అదే ఆఖరుసారి. నాలుగు ప్రీమియర్‌షిప్ పతకాలున్నా, అతని కెరీర్‌లో అన్నిటికన్నా బరువైనది ఇదేనని నాకనిపిస్తుంది. గెలిచే జట్టులో బాగా ఆడటానికి పదిమంది సాయం ఉంటుంది.

ఫిట్జ్‌రాయ్‌ని మూసేసింది ఎవరు? ఏదో చిన్న ద్వీప దేశం అంటారు, నిజమేనా?

నిజమే. పసిఫిక్ మహాసముద్రంలోని నౌరు. ఒకప్పుడు ఫాస్ఫేట్ గనుల సొమ్ముతో కళకళలాడిన ద్వీపం. అక్కడ ఫుటీ అంటే ప్రాణం పెడతారు. ఆ దేశపు బీమా సంస్థ ఫిట్జ్‌రాయ్‌కి 12.5 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు అప్పిచ్చింది. తిరిగి రాకపోయేసరికి 1996 జూన్‌లో క్లబ్బు మీద అడ్మినిస్ట్రేటర్‌ను పెట్టించింది. అప్పటినుంచి క్లబ్బు భవిష్యత్తు క్లబ్బు సభ్యుల చేతుల్లో లేదు.

ఫిట్జ్‌రాయ్‌ని తమలో కలుపుకునే పోటీలో ఇద్దరు నిలిచారు. ఒకరు అదే నగరంలోని నార్త్ మెల్‌బోర్న్. ఫిట్జ్‌రాయ్ డైరెక్టర్లకు ఇష్టమైన సంబంధం అదే, ఒప్పందం దాదాపు కుదిరింది కూడా. రెండోది బ్రిస్బేన్ బేర్స్, క్వీన్స్‌లాండ్ జట్టు. నార్త్ అప్పటికే లీగ్‌లో అగ్రశ్రేణి జట్టు. దానికి ఫిట్జ్‌రాయ్ ఆటగాళ్ళు కూడా తోడైతే తమ గతేమిటని మిగతా క్లబ్బులు బెంబేలెత్తాయి. 1996 జులై 4న పెళ్ళి బ్రిస్బేన్‌తో ఖాయం చేశారు. అలా కలిసిన జట్టే బ్రిస్బేన్ లయన్స్. భయం అకారణం కాదని నార్త్ ఆ సెప్టెంబర్‌లోనే రుజువు చేసింది. ఫిట్జ్‌రాయ్ లేకుండానే, వేన్ కేరీ నాయకత్వంలో, సిడ్నీని 131–88తో ఓడించి ప్రీమియర్‌షిప్ ఎత్తింది.

ఫిట్జ్‌రాయ్ మెల్‌బోర్న్‌లో ఆడిన ఆఖరి మ్యాచ్‌లో రిచ్‌మండ్ చేతిలో 151 పాయింట్ల తేడాతో ఓడింది. ఆ తర్వాతి వారం, 1996 సెప్టెంబర్ 1న, పెర్త్‌లోని సుబియాకో ఓవల్‌లో ఫ్రిమాంటిల్‌తో ఆడి 86 పాయింట్లతో ఓడి, లీగ్ నుంచి వెళ్ళిపోయింది. ఫ్రిమాంటిల్ అప్పటికి రెండో సీజన్ ఆడుతున్న పసికూన. 113 ఏళ్ళ క్లబ్బుకు వీడ్కోలు చెప్పడానికి లీగ్ పంపింది దేశానికి అటు చివరనున్న ఊరికి. క్యాలెండర్‌లో అలా పడిందంతే అంటారు, కాని ఫిట్జ్‌రాయ్ అభిమానులు ఇప్పటికీ మరిచిపోలేదు.

విలీనమైతే పైక్ నేరుగా బ్రిస్బేన్‌కే వెళ్ళాలి కదా? మధ్యలో నార్త్ ఎక్కడినుంచి వచ్చింది?

ఈ కథలో నాకు బాగా ఇష్టమైన మలుపు ఇది. విలీనం ఒప్పందం ప్రకారం ఫిట్జ్‌రాయ్ ఆటగాళ్ళలో ఎనిమిది మందిని బ్రిస్బేన్ ఎంచుకోవచ్చు. బ్రాడ్ బాయ్డ్, క్రిస్ జాన్సన్, జారడ్ మొల్లాయ్, జాన్ బార్కర్ వగైరాలను ఎంచుకుంది. ఆ ఏడాది క్లబ్బు ఉత్తమ ఆటగాడిగా నిలిచిన పైక్ ఆ ఎనిమిది మందిలో లేడు!

మిగిలినవాళ్ళు మిగతా క్లబ్బులేవైనా తీసుకుంటాయేమోనని చూడాల్సిందే. చాలామందికి అక్కడితోనే ఆట ముగిసింది. పైక్‌ను నార్త్ మెల్‌బోర్న్ తీసుకుంది. అంటే ఫిట్జ్‌రాయ్ కోసం పోటీపడి ఓడిపోయిన క్లబ్బు ఫిట్జ్‌రాయ్ ఆఖరి ఉత్తమ ఆటగాణ్ణి దక్కించుకుంది. నాలుగేళ్ళ తర్వాత, పోటీలో గెలిచిన బ్రిస్బేన్ తాను వదిలేసిన మనిషినే పిలిచి తెచ్చుకుంది.

నార్త్ మెల్‌బోర్న్ రోజులు ఎలా సాగాయి?

రెండేళ్ళు అట్టడుగున ఉన్న మనిషికి ఒక్కసారిగా శిఖరం దగ్గర గది దొరికింది. కోచ్ డెనిస్ పేగన్ కింద నార్త్ 1994 నుంచి 2000 వరకు వరసగా ఏడేళ్ళు ప్రిలిమినరీ ఫైనల్ చేరింది. 1997లో అక్కడే ఆగింది. 1998లో గ్రాండ్ ఫైనల్‌కు వెళ్ళింది, ఆ మ్యాచ్ గురించి ఒక మాట చెప్పాలి. సగం ఆట అయ్యేసరికి నార్త్ 24 పాయింట్ల ఆధిక్యంలో ఉంది, కాని అప్పటికే 6 గోల్స్‌కు 15 బిహైండ్‌లు కొట్టింది. చేతికందిన అవకాశాలన్నీ పక్క స్తంభాల్లోంచి పోతున్నాయి. చివరికి 8.22 (70)తో, అడిలైడ్ 15.15 (105) ముందు చేతులెత్తేసింది. ఆరుకీ ఒకటికీ ఉన్న తేడా ఏమిటో కొత్తవాళ్ళకు నేర్పడానికి ఆ స్కోరుబోర్డు చాలు.

1999లో కసి తీరింది. కార్ల్‌టన్ మీద 19.10 (124) – 12.17 (89). పైక్‌కు అది మొదటి ప్రీమియర్‌షిప్. పాత రికార్డులు వెతికేవాళ్ళకు ఒక సూచన: ఆ ఏడాది నుంచి 2007 దాకా ఆ క్లబ్బు ‘కంగారూస్’ అనే పేరుతోనే ఆడింది, కాబట్టి ‘నార్త్ మెల్‌బోర్న్’ అని వెతికితే కొన్నిచోట్ల కనబడదు.

మరి గెలిచిన ఆటగాణ్ణి నార్త్ ఎందుకు వదులుకుంది?

2000 సీజన్ ముగిశాక పేరు కొట్టేసింది. మైదానం బయటి క్రమశిక్షణ విషయంలో అతనికీ క్లబ్బుకూ పొసగలేదు. దీన్ని దాచాల్సిన పనీ లేదు, సాగదీయాల్సిన పనీ లేదు. అప్పటికి వయసు 28 దగ్గరికి వచ్చింది. మూడు క్లబ్బులు తిరిగిన, వయసు మీద పడుతున్న, పేరు కాస్త చెడిన ఆటగాణ్ణి ఎవరు తీసుకుంటారు? మామూలుగా ఎవరూ తీసుకోరు.

బ్రిస్బేన్ ఎందుకు తీసుకుంది?

లీ మాథ్యూస్ వల్ల అని అనుకోవచ్చు. విలీనమై రెండేళ్ళు తిరక్కుండానే 1998లో బ్రిస్బేన్ లయన్స్ అట్టడుగున నిలిచింది. 1999లో మాథ్యూస్ కోచ్‌గా వచ్చాడు. ఆటగాడిగా హాథార్న్ తరఫున నాలుగు ప్రీమియర్‌షిప్‌లు, కోచ్‌గా 1990లో కాలింగ్‌వుడ్‌కు ఒకటి సాధించిన మనిషి. అతని చేతిలో మైకేల్ వాస్, సైమన్ బ్లాక్, నైజెల్ లాపిన్, జేసన్ ఆకర్‌మానిస్, జోనథన్ బ్రౌన్ లాంటి కుర్రవాళ్ళున్నారు. ప్రతిభకు కొదవలేదు. సెప్టెంబర్ చివర్లో పెద్ద మ్యాచ్‌లు ఆడి గెలిచిన అనుభవం ఉన్నవాళ్ళే తక్కువ. ఆ లోటు తీర్చగలవాళ్ళు ఆ సమయంలో చవగ్గా దొరికిన చోట పైక్ ఉన్నాడు.

2001 సీజన్ మధ్య నుంచి లయన్స్ వరసగా 20 మ్యాచ్‌లు గెలిచింది. ఆ ఊపులోనే 2001 గ్రాండ్ ఫైనల్‌లో, ముందు ఏడాది ఒకే ఒక్క మ్యాచ్ ఓడి ప్రీమియర్‌షిప్ ఎత్తిన ఎసెండన్‌ను 15.18 (108) – 12.10 (82)తో మట్టి కరిపించింది. 2002లో వానలో తడిసిన ఎంసీజీలో కాలింగ్‌వుడ్‌పై 75–66. తొమ్మిది పాయింట్ల గెలుపు, ఊపిరి బిగబట్టి చూడాల్సిన మ్యాచ్. 2003లో మళ్ళీ కాలింగ్‌వుడ్, ఈసారి 134–84, ఏకపక్షం. మూడింటిలోనూ పైక్ ఉన్నాడు.

2004లో నాలుగోది కూడా గెలిస్తే 1927–30 నాటి కాలింగ్‌వుడ్ రికార్డు సమమయ్యేది. గ్రాండ్ ఫైనల్‌లో పోర్ట్ అడిలైడ్ 113–73తో అడ్డుపడింది. 2005 చివర్లో పైక్ ఆట విరమించాడు. అప్పటికి బ్రిస్బేన్‌కు 106 మ్యాచ్‌లు.

ప్రీమియర్‌షిప్‌లో జట్టులో ఉన్న అందరికీ పతకం ఇస్తారా?

ఇవ్వరు, అందుకే నాలుగు అనే అంకె బరువైనది. ఐపీఎల్‌లో డగౌట్‌లో కూర్చున్నవాడు కూడా విజేతే. ఫుటీలో పైక్ కాలంలో గ్రాండ్ ఫైనల్ రోజు బరిలో దిగిన 22 మందికే పతకం. సీజనంతా ఆడి ఆఖరి వారం గాయపడ్డా, ఫామ్ పోయి పక్కన పెట్టినా అంతే సంగతులు. పతకం లేకుండా ఎంసీజీ పచ్చికపై సూట్లు వేసుకుని నిలబడ్డ ఆటగాళ్ళ ముఖాలు చూడటం గ్రాండ్ ఫైనల్‌లో నాకు ఎప్పుడూ ఇబ్బందిగా అనిపించే దృశ్యం.

1997 నుంచి 2004 దాకా ఎనిమిదేళ్ళూ పైక్ క్లబ్బు కనీసం చివరి నలుగురిలో నిలిచింది. అదృష్టం అనొచ్చు. కాని ఆ ఎనిమిదేళ్ళలో రెండు వేర్వేరు క్లబ్బులు, పేగన్, మాథ్యూస్ లాంటి ఇద్దరు కఠినమైన కోచ్‌లు పెద్ద రోజున అతని పేరు జట్టులో రాశారు. అదృష్టం నాలుగుసార్లు అలా రాయదు.

బ్రిస్బేన్ గెలుపును ఫిట్జ్‌రాయ్ గెలుపుగా లెక్కిస్తారా?

ఎవర్ని అడిగారన్నదాన్ని బట్టి ఉంటుంది. లయన్స్ జెర్సీ మీది సింహం ఫిట్జ్‌రాయ్‌ది. 2001లో మెల్‌బోర్న్‌లోని పాత ఫిట్జ్‌రాయ్ కుటుంబాలు కొన్ని, 57 ఏళ్ళ తర్వాత మళ్ళీ మనం గెలిచాం అని ఏడ్చాయి. మరికొన్ని కుటుంబాలు ఏఎఫ్ఎల్ చూడటమే మానేశాయి. లీగ్ తమ క్లబ్బును చంపి దాని చర్మం కప్పుకుందని వాళ్ళ బాధ. ఇద్దరి మాటా నాకు అర్థమవుతుంది. కాని ఆ మూడు గ్రాండ్ ఫైనల్స్‌లో ఒకప్పుడు ఫిట్జ్‌రాయ్ జెర్సీ వేసుకున్నవాళ్ళు ముగ్గురున్నారని గుర్తుంచుకోవాలి. అలస్టర్ లించ్ విలీనానికి ముందే బ్రిస్బేన్‌కు వచ్చాడు. క్రిస్ జాన్సన్ విలీనం ద్వారా వచ్చాడు. పైక్ చుట్టూ తిరిగి వచ్చాడు.

ఫిట్జ్‌రాయ్ పేరు పూర్తిగా పోలేదు. 2009 నుంచి విక్టోరియా అమెచ్యూర్ పోటీల్లో, తమ పాత బ్రన్స్‌విక్ స్ట్రీట్ ఓవల్‌లోనే ఆడుతోంది.

ఇలాంటి కెరీర్ మన క్రికెట్లో ఎవరిదైనా ఉందా?

గుంటూరు అంబటి రాయుడు వెంటనే గుర్తొస్తాడు. దేశవాళీలో హైదరాబాద్, ఆంధ్ర, బరోడా, విదర్భ. ఎవరితోనూ ఎక్కువకాలం సాఫీగా సాగలేదు. అయినా ఐపీఎల్‌లో ముంబైకి మూడు, చెన్నైకి మూడు, మొత్తం ఆరు టైటిళ్ళలో భాగం. ఆటలు వేరు, మనుషులు వేరు, పోలికను ఇంతకంటే లాగను.

పైక్ కంటే ఎక్కువ క్లబ్బులు తిరిగినవాళ్ళు ఉన్నారా?

డేల్ కికెట్ అయిదు క్లబ్బులకు ఆడాడు: ఫిట్జ్‌రాయ్, వెస్ట్ కోస్ట్, సెయింట్ కిల్డా, ఎసెండన్, ఫ్రిమాంటిల్. మొదటి నాలుగింటిలో కుదురుకోలేక, 1995లో ఫ్రిమాంటిల్ కొత్తగా లీగ్‌లోకి వచ్చాక సొంత రాష్ట్రంలో నిలదొక్కుకున్నాడు. బారీ హాల్ మరో రకం. సెయింట్ కిల్డా, సిడ్నీ, వెస్టర్న్ బుల్‌డాగ్స్ మూడు చోట్లా అత్యధిక గోల్స్ వీరుడిగా నిలిచాడు, 2005లో సిడ్నీకి ప్రీమియర్‌షిప్ అందించిన నాయకుడు.

రెండు క్లబ్బుల్లో ఒకటీ మూడూ కలిపి నాలుగు పతకాలన్న పైక్ లెక్కను తర్వాత షాన్ బర్గోయిన్, ఐజాక్ స్మిత్ కూడా అందుకున్నారు. బర్గోయిన్ మొదటి పతకం 2004లో పోర్ట్ అడిలైడ్‌తో వచ్చింది, అది పైక్ జట్టు నాలుగో కలను చెదరగొట్టిన మ్యాచే. మిగతా మూడూ హాథార్న్‌తో. స్మిత్‌వి హాథార్న్‌తో మూడు, 2022లో జీలాంగ్‌తో ఒకటి.

క్లబ్బులు మారడం వల్ల ఆటగాడికి జరిగే అసలు నష్టం ఏమిటి?

డబ్బు సంగతి పక్కన పెడితే, ఒక వింత నష్టం ఉంది. ‘తండ్రి–కొడుకు నియమం’ అని ఏఎఫ్ఎల్‌లో ఒకటుంది. తండ్రి ఒక క్లబ్బుకు కనీసం 100 మ్యాచ్‌లు ఆడితే, కొడుకు డ్రాఫ్ట్‌కు వచ్చినప్పుడు అతన్ని ముందుగా తీసుకునే అవకాశం ఆ క్లబ్బుకు ఉంటుంది. క్లబ్బులు మారే ఆటగాళ్ళ మ్యాచ్‌లు నాలుగు చోట్ల చీలిపోయి, ఎక్కడా వంద నిండక, ఏ క్లబ్బుతోనూ ఆ బంధం ఏర్పడకుండా పోవచ్చు. పైక్ బ్రిస్బేన్‌లో 106తో ఆ గీత దాటాడు.

ఈ నియమం ఎంత బలమైనదో ఇప్పటి లయన్స్‌ను చూస్తే తెలుస్తుంది. పైక్‌తో కలిసి మూడు ప్రీమియర్‌షిప్‌లు ఆడిన మార్కస్ ఆష్‌క్రాఫ్ట్ కొడుకు విల్, బ్రిస్బేన్ గెలిచిన 2024, 2025 గ్రాండ్ ఫైనల్స్ రెండింటిలోనూ ఉత్తమ ఆటగాడిగా నార్మ్ స్మిత్ పతకం అందుకున్నాడు. అదే జట్టులో జాస్పా ఫ్లెచర్ ఉన్నాడు. అతని తండ్రి ఏడ్రియన్ జీలాంగ్, సెయింట్ కిల్డా, బ్రిస్బేన్, ఫ్రిమాంటిల్ తిరిగిన మరో బాటసారి. బ్రిస్బేన్‌లో మాత్రం వంద దాటాడు.